మావ ఊదిన చుక్క

కిందటి నెల విజయనగరంలో రక్తపరీక్షకి వెళ్ళాను. పరగడుపున రమ్మన్నారు. వెళ్ళి కూర్చుంటే గంట దాకా పిలవలేదు. ఆకలి మీదున్న ముసలివాడికి విసుక్కోవడం తప్ప వేరే కాలక్షేపం ఏముంటుంది? పేపరు తిరగేశాను, గోడమీద బల్లిని చూశాను, చివరికి అద్దాల గదిలోకి తొంగి చూశాను. లోపల ఒక యంత్రం ఉంది. దాని సూది ఒక గొట్టంలో మునుగుతుంది, కొంచెం పీలుస్తుంది, పక్కకి జరిగి ఇంకో గొట్టంలో వదులుతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. వరసగా ముప్ఫై నలభై గొట్టాలు. ఎక్కడా తొణకడం లేదు, ఒలకడం లేదు. నేను ఆకలి సంగతి మర్చిపోయి దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"అంతా ఆటోమేటిక్కండీ తాతగారూ," అంది నా రక్తం తీసిన అమ్మాయి. "మనిషి చెయ్యి కూడా తగలదు."

"మరి నోరు?" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను అదోలా చూసింది. షుగరు పడిపోయి ఏదో మాట్లాడుతున్నాననుకుంది కాబోలు, ఎదురుగా హోటలుందనీ వెంటనే వెళ్ళి ఏదైనా తినమనీ చెప్పి పంపించేసింది. ఇడ్లీ తింటున్నంతసేపూ నాకు మావే గుర్తొచ్చాడు.

అరవైల చివర్లో నాకు నౌపడలో ఉద్యోగం దొరికింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, రెండేళ్ళు ఇంట్లో మా నాన్న పెట్టే అన్నంతో పాటు చివాట్లు కూడా తిని, ఆఖరికి ఉప్పు పరీక్ష చేసే కెమిస్టునయ్యాను. స్టేషను నుంచి నడిస్తే ఇటూ అటూ ఉప్పుమళ్ళు, మధ్యలో గట్టు, గట్టు చివర ఒక పెంకుల గది. అదే మా లేబరేటరీ. రైతులు తీసిన ఉప్పు రాశుల నుంచి చిన్న చిన్న సంచుల్లో శాంపిళ్ళు వచ్చేవి. అందులో అసలు ఉప్పు ఎంత, మిగతా చేదూ మట్టీ ఎంత అని మేం తేల్చాలి. శాతం సరిపోతే రాశి రైలెక్కుతుంది. సరిపోకపోతే అక్కడే ఉండి వానలో కరిగిపోతుంది.

మేం అంటే ఇద్దరం. నేనూ, మావా. ఆయన అటెండరు. హాజరు పట్టీలో ఆయనకో పేరుండేది గాని, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి, ఎవర్ని పిలుస్తున్నారా అని చూసేవాడు. రైతులకి మావ, స్టేషను మాస్టరుకి మావ, ఆయనకంటే పదేళ్ళు పెద్దవాడైన టీకొట్టాయనకి కూడా మావే. మనిషి పొట్టి, సన్నం. మెడలో ఎప్పుడూ ఎర్ర తువ్వాలు. బుగ్గలు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేకుండా బాగా సాగి ఉండేవి. దానికి కారణం ఆయన ఉద్యోగమే.

మా పని ఇలా ఉండేది. ఉప్పుని నీళ్ళలో కరిగించాలి. ఆ నీళ్ళలోంచి సరిగ్గా పది మిల్లీలీటర్లు తీసి ఫ్లాస్కులో పొయ్యాలి. అది మావ పని. ఆ తర్వాత నేను బ్యూరెట్టని గీతలున్న నిలువు గొట్టంలోంచి సిల్వర్ నైట్రేటు మందు చుక్కచుక్కగా వదులుతూ, ఫ్లాస్కులో కలిపిన పసుపురంగు కాస్తా ఇటికరంగుకి తిరిగేచోట ఆపి లెక్క వెయ్యాలి. పది మిల్లీలీటర్లు తియ్యడానికి పిపెట్టని ఒక గాజుగొట్టం, మధ్యలో చిన్న బొజ్జతో ఉండేది. దాని పైకొన నోట్లో పెట్టుకుని పీల్చాలి. నీళ్ళు గీత దాటగానే నోరు తీసేసి, చూపుడువేలితో పైకొన మూసి, మెల్లగా గీత దాకా దించాలి. ఇప్పుడు ఎవరైనా ఇలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది. అప్పుడు చెయ్యనంటే ఊడేది.

నేను కాలేజీలో పిపెట్టు పట్టినవాణ్ణే. అయినా చేరిన రోజున ఆయన ముందు కొంచెం గొప్పకి పోయి గట్టిగా పీల్చాను. నోటినిండా ఉప్పునీళ్ళు వచ్చేశాయి. మింగలేను, కక్కలేను. మావ తాపీగా నా మొహంలోకి చూశాడు.

"తాగీసేవేటి బాబూ?"

నేను తలూపాను.

"మొదటి దినం ప్రతి కెమిస్టూ తాగుతాడు. రెండో దినం కూడా తాగితే దాహమేసింది గావాలనుకుంటాం," అని కుండలోంచి మంచినీళ్ళు ముంచి ఇచ్చాడు.

ఆయన పీలిస్తే మాత్రం చూడముచ్చటగా ఉండేది. గీత వైపు చూసేవాడు కాదు. కిటికీలోంచి రైలు వైపు చూస్తూనో, నాతో కళ్ళతో మాట్లాడుతూనో పీల్చేవాడు. నీళ్ళు గీతమీద వచ్చి నిలబడేవి. ఎలా సాధ్యమని అడిగితే సమాధానం ఒకటే. "నోట్లో నిప్పెట్టుకుని కబుర్లు సెప్పీవోడికి ఇదేటి కష్టం?" ఆయనది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొన నోట్లోకి తిప్పుకుని, పెదాలు బిగించి పీల్చడం. ఉప్పుమళ్ళ మీద సముద్రపు గాలికి చుట్ట నిలవదు కాబట్టి వాళ్ళమ్మ అలాగే తాగేదట, ఈయనా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. గదిలో చుట్ట కాల్చకూడదని నేను రూలు పెడితే, బయటికి వెళ్ళి కాల్చి, నోరు మూడుసార్లు పుక్కిలించి, వేపపుల్ల నమిలి మరీ బల్ల దగ్గరికి వచ్చేవాడు.

ఆయన పిపెట్టుకి ఎర్రదారం, నా పిపెట్టుకి తెల్లదారం కట్టాడు. ఒకరు నోరు పెట్టింది ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒకసారి తొందరలో ఎర్రదారం పిపెట్టు తీసుకోబోతే, వేడి పెనం మీద చెయ్యి పెట్టబోయిన పిల్లాణ్ణి లాగినట్టు నా చెయ్యి పట్టుకుని లాగేశాడు. శాంపిలు సంచి మీద రైతు పేరుతో చీటీ ఉండేది. సంచి విప్పగానే ఆ చీటీని గోడవైపు తిప్పి, దానిమీద తన తువ్వాలు కప్పేసేవాడు. రైతులందరూ ఆయనకి చుట్టాలో స్నేహితులో. "పేరు సూసేనంటే నా నోరు నా మాటినదు బాబూ" అనేవాడు. పరీక్ష అయిపోయాక మిగిలిన ఉప్పు ఒక్క పలుకు కూడా ఇంటికి పోనిచ్చేవాడు కాదు. ఒకరోజు నా క్యారేజీలో పప్పు చప్పగా ఉంది, చుట్టూ బస్తాడు ఉప్పుంది, చిటికెడు వేసుకుంటానంటే ఒప్పుకోలేదు. ఉప్పుమళ్ళ మధ్య కూర్చుని చప్పటి పప్పు తిన్నాను.

ఇంకో సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. సిల్వర్ నైట్రేటు వేళ్ళకి తగిలితే నల్లమచ్చలు పడతాయి, వారం దాకా పోవు. ఆ ఏడాది కోటబొమ్మాళిలో నాకు పెళ్ళిచూపులు పెట్టారు. నా వేళ్ళు చూసి వాళ్ళేమనుకుంటారోనని నేను బెంగపడుతుంటే, మావ ఒక ఉపాయం చెప్పాడు. "కాఫీ ఇస్తే గ్లాసు తువ్వాలుతో పట్టుకో బాబూ, మర్యాదస్తుడనుకుంటారు." అలాగే చేశాను. అంత వేడి కూడా ఓర్చుకోలేని సుకుమారుడికి పిల్లనివ్వలేమని వాళ్ళు కబురు పంపారు. మావకి చెబితే బల్లమీద చెయ్యేసి కొట్టుకుంటూ నవ్వాడు.

చేరిన రెండో నెలలో ఒక సంగతి గమనించాను. పిపెట్టులోంచి నీళ్ళు కారిపోయాక కొసలో ఒక చుక్క మిగిలిపోతుంది. దాన్ని అలాగే వదిలెయ్యాలి. గొట్టం మీద గీత గీసినవాడు ఆ చుక్కని లెక్కలోంచి తీసేసే గీశాడు. కాలేజీలో మాకు మొట్టమొదట చెప్పే పాఠం ఇది. మావ ఆ చుక్కని వదిలేవాడు కాదు. నీళ్ళు కారగానే పిపెట్టు మళ్ళీ పెదాలకి ఆనించి 'ఫుఫ్' మని ఒక్క ఊదు ఊదేవాడు. చుక్క ఫ్లాస్కులో పడేది.

"మావా, ఆ చుక్క ఊదకూడదు," అన్నాను.

"ఏటి?"

"అది గొట్టంలోనే ఉండిపోవాలి. దాని లెక్క అంతే."

విస్తట్లో సగం అన్నం వదిలేసి లేవమన్నట్టు చూశాడు నన్ను.

"నోరెట్టిన దాంట్లో మిగల్సకూడదు బాబూ. మిగిలిందంటే ఎంగిలి. దీని ఎనకాల ఇంకో రైతు ఉప్పు ఇదే గొట్టంలోంచి ఎల్లాల. ఈడి ఎంగిలి ఆడికెడతామేటి?"

"మధ్యలో కడుగుతున్నాం కదా?"

"కడిగితే గొట్టం సుబ్బరమవుతాది. మిగల్సిన తప్పు పోతాదేటి?"

ఈ పాఠం బీఎస్సీలో లేదు. ఆ సాయంత్రం కాగితం తీసి లెక్క వేశాను. ఒక చుక్క ఎక్కువ పడితే ఫలితం అర శాతం ఎక్కువ చూపిస్తుంది. సిల్వర్ నైట్రేటు బలం సరిచూసేది నేను, చుక్క గొట్టంలోనే ఉంచేసి. శాంపిళ్ళు తీసేది ఆయన, చుక్క ఊదేసి. ఇద్దరం ఒకేలా చేసి ఉంటే ఆ తేడా కొట్టుకుపోయేది. అంటే మావ చేరిన ఈ ఇరవై ఏళ్ళుగా ఆ గదిలోంచి వెళ్ళిన ప్రతి రాశీ, ఉన్నదానికంటే అర శాతం మంచిదని కాగితం మీద రాయించుకుని వెళ్ళింది.

మర్నాడు గట్టిగా చెబుదామనుకున్నాను. మర్నాడు శాంపిళ్ళు ఎక్కువున్నాయి. ఆ మర్నాడు ఆయన నాకోసం ఇంటి నుంచి చోడిపిండి, అంటే రాగిపిండి, అట్టు తెచ్చాడు. ఒకరి అట్టు తింటూ వాళ్ళ తప్పు ఎలా ఎంచుతాం? అలా వారం గడిచింది, నెల గడిచింది, ఏడాది దాటింది. బద్ధకం కొంత, మొహమాటం కొంత, అర శాతంతో ఎవడి కొంప మునుగుతుందిలే అన్న ధీమా కొంత. కొన్నాళ్ళకి ఆ 'ఫుఫ్' నా చెవికి వినబడడం కూడా మానేసింది.

అప్పుడొచ్చింది యంత్రం. ఎండాకాలం మధ్యాహ్నం రైల్లోంచి ఒక చెక్కపెట్టె దించారు. పైన సీమరాతలు, లోపల గడ్డి, గడ్డిలో ఆకుపచ్చ రంగు ఇనపడబ్బా. డబ్బా మీద నిలబెట్టిన గాజు సిరంజి, కింద మోటారు, రెండు సన్నటి గొట్టాలు. ఒక గొట్టం ఉప్పునీళ్ళలో ముంచి బొత్తాం నొక్కితే, మోటారు గుర్రుమని సిరంజిని పైకి లాగి, మళ్ళీ కిందికి తోసి, రెండో గొట్టంలోంచి సరిగ్గా పది మిల్లీలీటర్లు ఫ్లాస్కులో పోస్తుంది. నోటితో పనిలేదు. దానితో పాటు పై ఆఫీసు నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. మావకి తెలుగులో చదివి చెప్పడం మొదలుపెట్టి చివరి పేరా దగ్గర ఆగిపోయాను.

"సదవ్వేటి బాబూ?"

చదివాను. నెల తర్వాత ఆఫీసరు వస్తాడు. యంత్రం కొలతా, మనిషి కొలతా పక్కపక్కన పెట్టి చూస్తాడు. యంత్రం సరైనదని తేలితే అటెండరు అక్కర్లేదు, ఆయన్ని మళ్ళ చివరనున్న గేటు కాపలాకి పంపుతారు. యంత్రం తప్పని తేలితే దాన్ని వెనక్కి పంపేస్తారు.

"అయితే దానికో నాకో ఒకలికే సోటు," అన్నాడు మావ. తన పాదాలు ముందుకి చాపి చూసుకున్నాడు. "మా అయ్య కాల్లు నువ్వు సూళ్ళేదు బాబూ. ఉప్పునీల్లలో దిగి దిగి ఎప్పుడూ పచ్చి పుల్లే. మా తాతవీ అంతే. మా ఇంట్లో కాల్లు మానిన మొదటి మనిషిని నానే. ఈ బల్లకాడికొచ్చినాకే మానినాయి."

గేటు అంటే ఊరికే కుర్చీ వేసుకుని కూర్చునే పని కాదు. అది ఉప్పునీటి కాలువ ఒడ్డున ఉంటుంది. బండి దిగబడితే మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి చక్రం తొయ్యాల్సింది కాపలావాడే. యాభై దాటిన మనిషిని మళ్ళీ అక్కడికి పంపడమంటే ఆ పుళ్ళలోకే పంపడం. నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మావ దానికి పగవాడవుతాడని అందరూ అనుకున్నారు. ఒక రైతు కిటికీ దగ్గరికొచ్చి, "ఓ సెంబుడు ఉప్పునీల్లు ఆ మోటార్లో పోసీ మావా, పీడా వదిలిపోతాది," అని సలహా కూడా ఇచ్చాడు.

"ఒరే, కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల నోట్లో ఉప్పు కొడతావురా?" అని మావ వాడిమీదికి లేచాడు. ఆ రోజు నుంచి యంత్రం పేరు కోడలు.

కోడలికి చాకిరీ అంతా మామగారిదే. ఉప్పునీళ్ళు ఆరితే గొట్టం మూతి దగ్గర ఉప్పు పేరుకుని పూడుకుపోయేది. మావ రోజూ గోరువెచ్చటి నీళ్ళు పట్టించి, మెత్తటి గుడ్డతో తుడిచి, సాయంత్రం తన తువ్వాలు కప్పి ఇంటికి వెళ్ళేవాడు. ఆయన లేకపోతే అది మూడోరోజే మూగబోయేది. ఒక్క విషయంలోనే ఇద్దరికీ పడలేదు. పది మిల్లీలీటర్లు పోశాక దాని మూతి దగ్గర ఒక చుక్క వేలాడుతూ ఉండేది. మావ దాన్ని చూస్తూ ఊరుకోలేకపోయేవాడు. వంగి, బుగ్గలు పూరించి, 'ఫుఫ్' మని ఊదబోయేవాడు. నేను "మావా!" అంటే తప్పు చేసినట్టు వెనక్కి తగ్గి, "ఎవులు నేర్పినారే నీకీ ఎంగిలి పని?" అని దాన్ని కోప్పడేవాడు. తర్వాత తర్వాత ఊదడం మానేశాడు. దాని ఎదురుగా స్టూలు వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ చుక్కనే చూస్తూ కూర్చునేవాడు. కోడలి అందం చూస్తున్నావా అని నేను ఏడిపించేవాణ్ణి.

నెల తిరిగేసరికి ఆఫీసరు దిగాడు. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, చెడ్డవాడు కాదు, చెమటకి మాత్రం ఓర్చుకోలేడు. వస్తూనే ఐదు శాంపిళ్ళు ఎంచి బల్లమీద పెట్టించాడు. ఒక్కొక్కటీ యంత్రం ఒకసారి పొయ్యాలి, మావ ఒకసారి పొయ్యాలి, నేను రెండూ పరీక్ష చెయ్యాలి. ఆయన పక్కన కూర్చుని రాసుకుంటాడు. కిటికీ బయట పదిమంది రైతులు చేరారు. మావ ఆ రోజు ఉతికిన పంచె కట్టుకొచ్చాడు. గుర్రుమని కోడలు, ఫుఫ్ మని మామ. మధ్యాహ్నం రెండు దాటేసరికి అంకెలన్నీ వచ్చాయి. ఐదింటిలోనూ యంత్రం మావకంటే అర శాతం తక్కువ చూపించింది.

ఆఫీసరు కాగితం ఎత్తి గాలికి విసురుకున్నాడు. "ఇరవై ఏళ్ళుగా ఈయన కొలత మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఐదింటికీ ఒకే తేడా వచ్చిందంటే యంత్రమే తక్కువ పోస్తోంది. లోపల ఉప్పు పట్టేసి ఉంటుంది. మన వాతావరణానికి ఇది పనికిరాదు. వెనక్కి పంపేద్దాం. ఏమంటావోయ్?" అని నావైపు తిరిగాడు.

నాకు తెలుసు. ఆ అర శాతం ఎక్కడిదో ఆ గదిలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఒక్క మాట చెబితే చాలు. కాని ఆ మాటకి అవతల మావ కాళ్ళున్నాయి. యంత్రానికి నోరు లేదు, అది వెనక్కి వెళ్ళిపోతే ఏడ్చేవాళ్ళు లేరు.

"అలాగేనండి," అన్నాను.

కిటికీ బయట రైతులు కేరింతలు కొట్టారు. ఎవడో ఈల వేశాడు. మావ మాత్రం కదల్లేదు. యంత్రం మూతి దగ్గర వేలాడుతున్న చుక్కనే చూస్తున్నాడు.

"బాబూ, ఓ మాట సెప్పాల," అన్నాడు ఆఫీసరుతో.

"చెప్పు."

"దాని తప్పు కాదండి. నెల్లాల్లనుండి సూత్తన్నాను. ఆ సుక్క పొయ్యకముందూ అలగే ఏలాడతాది, పోసినాకా అలగే ఏలాడతాది. అంటే అది తీసిందంతా ఇచ్చీసినట్టే గదండి? ఎక్కువ పోసీది నాను. ఆకర్ని ఊదీత్తన్నాను. ఇరవయ్యేల్లనుండి ఊదీత్తన్నాను."

ఆఫీసరుకి అర్థం కాలేదు. అప్పుడు మావ ఎర్రదారం పిపెట్టు తీశాడు. ఐదో శాంపిలు నీళ్ళే ఆరోసారి పీల్చాడు, గీత మీద ఆపాడు, ఫ్లాస్కులోకి వదిలాడు. నీళ్ళు కారిపోయాయి. కొసలో చుక్క మిగిలింది. అలవాటు కొద్దీ ఆయన మూతి పిపెట్టు దగ్గరికి వెళ్ళింది. ఆగింది. మళ్ళీ వెళ్ళింది. పెదాలు లోపలికి మడిచి బిగబట్టుకుని, ఆ చుక్కని అలాగే ఉంచి, పిపెట్టు తీసుకెళ్ళి బల్లమీద పెట్టేశాడు. నుదురంతా చెమట పట్టింది.

నేను బ్యూరెట్టు తిప్పాను. యంత్రం పోసినప్పుడు బ్యూరెట్టులో ఏ గీత దగ్గర ఆపానో సరిగ్గా ఆ గీత దగ్గరే ఇటికరంగు తిరిగింది. వెయ్యి పరీక్షలు చేసి ఉంటాను, ఏ రంగూ నన్ను అంత ఏడిపించలేదు.

"నువ్వు కెమిస్టువి. రోజూ పక్కనే ఉంటావు. నీకిది తెలీదా?" అన్నాడు ఆఫీసరు నాతో. నేను నోరు తెరిచేలోపలే మావ అందుకున్నాడు.

"ఆ బాబు వచ్చిన రెండో నెల్లోనే సెప్పినాడండి, ఊదకూడదని. నానే ఇన్లేదు. ఎంగిలి మిగల్సడం నాకు సేతకాలేదు."

ఆఫీసరు టోపీ తీసి బల్లమీద పెట్టాడు. పాత ఫలితాల సంగతి ఎత్తలేదు. ఎత్తినా ఏం చేస్తాడు, ఆ ఉప్పంతా అప్పటికే జనం కూరల్లో కరిగిపోయింది. నిజం చెప్పినందుకు మావని మెచ్చుకున్నాడు. భుజం తట్టాడు. తట్టి, ఉత్తరంలో ఎలా ఉందో అలాగే ఆర్డరు రాసి సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు.

మావ గేటుకి వెళ్ళాడు. నేనూ కోడలూ మిగిలాం. రైతుల్లో గుబులు మొదలైంది. ఇన్నాళ్ళూ అంచుమీద గట్టెక్కిన ఉప్పు ఇప్పుడు అర శాతంతో పోతుంది కదా. మొదటి వారం మూడు రాశులు పోయాయి కూడా. ఆ రైతులు నాతో మాట్లాడ్డం మానేశారు. తర్వాత చిత్రంగా, ఒక్కటీ పోవడం లేదు. వచ్చిన ప్రతి శాంపిలూ నెగ్గుతోంది. యంత్రం వచ్చాక ఉప్పు నాణ్యం పెరిగిందని పై ఆఫీసు నుంచి మెప్పు కూడా వచ్చింది. నాకేమీ అంతుపట్టలేదు. ఒక ఉదయం సైకిలు వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను.

మావ కాలువ ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఒక రైతు, చేతిలో శాంపిలు సంచి. మావ ఒక పలుకు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించాడు.

"ఇంకా సేదున్నాదిరా. ఇంకోపాలి సిక్కటి ఉప్పునీల్లతో కడిగి తీసుకురా. ఇలగ ఎల్లావంటే మా కోడలు ఒప్పుకోదు."

రైతు గొణుక్కుంటూ వెనక్కి మళ్ళాడు. మావ నన్ను చూసి నవ్వి, ఒడ్డున చోటు చూపించాడు. కూర్చున్నాను. ఆయన మడమల్లో అప్పుడే రెండు ఎర్రటి పగుళ్ళు కనిపించాయి. నేను చూస్తున్నానని గమనించి కాళ్ళు పంచెలోకి లాక్కున్నాడు.

"కోడలు ఎలగున్నాది? గోరెచ్చటి నీల్లు పడతన్నావా?"

"పడుతున్నాను. మావా, నీకో సంగతి చెప్పాలి. ఆ రోజు నాకు తెలుసు. ఆ తేడా నీ చుక్కదేనని తెలిసే, ఆఫీసరుతో అలాగేనండి అన్నాను."

"నాకు తెల్దేటి?"

"నామీద కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు, వచ్చింది. ఏ పాపం తెలీని పిల్లని పుట్టింటికి తోలీమన్నావు గదా." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, చేతికంటిన ఉప్పు పంచెకి తుడుచుకున్నాడు. "ఇనుకో బాబూ. ఆ దినం నువ్వే సెప్పీసుంటే నాను దొంగనయిపోదును. ఇరవయ్యేల్లు దొంగకొలత కొలిసినాడని అందురు. నా నోటితో నానే సెప్పుకున్నాను గాబట్టి తప్పు సేసినోడినే అయినాను. తప్పు సేసినోడు పదిమందిలో తలెత్తుకు తిరగొచ్చు. దొంగ తిరగలేడు. నువ్వు ఊరుకోబట్టే ఆ మాట నాకు మిగిలింది."

నన్ను ఊరడించడానికే అన్నాడని అప్పుడే తెలుసు. ఆయన మాట ఆయనకి మిగలాలని కాదు నేను ఊరుకున్నది. చోడిపిండి అట్టు దగ్గర మొదలైన నా మొహమాటం ఆ రోజు పిరికితనం దాకా వచ్చింది, అంతే. అయినా ఆయన ఇచ్చిన ఆ ఊరటని తీసుకుని, సైకిలెక్కి వచ్చేశాను.

మరుసటి ఏడాది నాకు బదిలీ అయింది. మావ పోయాడన్న కబురు చాలా ఏళ్ళకి ఆమదాలవలస స్టేషన్లో ఒక ఉప్పు రైతు చెబితే తెలిసింది. ఆఖర్న కాళ్ళు నేలమీద పెట్టలేకపోయేవాడట. ఆ రైతు ఎక్కాల్సిన రైలు వచ్చేసింది, ఇంకేమీ అడగడానికి వీల్లేకపోయింది.

ఉద్యోగంలో నేను పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చున్నాను. కొలత సరిగ్గా ఉండాలని ఎందరికో పాఠాలు చెప్పాను. ఆ రోజు ఆఫీసరుతో నేనన్న ఆ ఒక్క మాట గురించి మాత్రం మావకి తప్ప ఇంట్లోగాని, బయటగాని ఎవరికీ చెప్పలేదు. మావ పెట్టిన లెక్క ప్రకారం, తన నోటితో చెప్పుకున్నవాడు తప్పు చేసినవాడు, చెప్పుకోనివాడు దొంగ. ఇన్నేళ్ళూ నేను రెండోవాణ్ణే. ఇవాళ పదిమందికీ చెప్పాను, మావా.